కల్పిత లోకాల్లో వార్తాప్రసారం: ఒక అర్ధశతాబ్ది చరిత్ర

1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడినప్పటి నుంచి రోల్‌ప్లేయింగ్ గేమ్ అనే వినోదరూపం లోకంలో స్థిరపడింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారిగా కల్పితలోకాన్ని వర్ణిస్తే, తక్కినవారు తలా ఒక పాత్రను స్వీకరించి, ఆ లోకంలో తాము చేయదలచినది మాటల్లో చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. 1976లో ‘మెటమార్ఫసిస్ ఆల్ఫా’తో ఈ క్రీడ అంతరిక్షానికి చేరింది. నవలాకారుడు తన నాయకుడి చేతిలోని యంత్రాన్ని గురించి మౌనం వహించి ముందుకు సాగిపోగలడు. సూత్రధారికి ఆ వెసులుబాటు లేదు. తన వద్ద ఏ సాధనం ఉంది, దానితో ఎవరిని పిలవగలడు, జవాబు ఎంతసేపటికి వస్తుంది అని ఆటగాడు మొదటి గంటలోనే అడుగుతాడు. దానికి సమాధానం, ధరతో సహా, నియమగ్రంథంలో ఉండి తీరాలి. అందువల్ల ఈ గ్రంథాలు, కర్తల ఉద్దేశంతో నిమిత్తం లేకుండానే, ఒక్కొక్క తరం తన నిత్యజీవన సాధనాల భవిష్యత్తును ఎట్లా ఊహించుకున్నదో తెలిపే ఆధారాలుగా మిగిలాయి.

ఈ చరిత్రలో మొదటి గణనీయ గ్రంథం 1977 నాటి ‘ట్రావెలర్’. ఇలినాయ్ రాష్ట్రంలోని నార్మల్ పట్టణంలో యుద్ధక్రీడలు ప్రచురించే గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ సంస్థ పక్షాన మార్క్ మిల్లర్ దానిని మూడు చిన్న నల్లట్ట పుస్తకాలుగా రూపొందించాడు. ఓడ ఒక నక్షత్రం నుంచి మరొక నక్షత్రానికి ‘జంప్’ చేస్తుంది; ఆ జంప్ ఒక పార్సెక్ దూరమైనా ఆరు పార్సెక్‌లైనా సుమారు ఒక వారం పడుతుంది; కాంతిని మించి పరుగెత్తే రేడియో మాత్రం లేదు. ఈ నిబంధన నుంచి ఒక సామ్రాజ్యమే తర్కబద్ధంగా అవతరించింది. తరువాతి అనుబంధ గ్రంథాల్లో వర్ణితమైన, సుమారు 11,000 గ్రహాల ‘థర్డ్ ఇంపీరియం’లో, వార్తలు ఎక్స్-బోట్లనే తపాలా నౌకల మీద ప్రయాణిస్తాయి. ఒక్కొక్క జంప్‌లో నాలుగు పార్సెక్‌లు దాటే ఈ చిన్న నౌకలకు మామూలు చోదకయంత్రం ఉండదు. గమ్యం చేరగానే అవి తమ సందేశాలను ప్రసారం చేస్తే, అక్కడ సిద్ధంగా ఉన్న మరో నౌక వాటిని అందుకొని బయలుదేరుతుంది. ఇంత చేసినా రాజధాని ఆజ్ఞ సరిహద్దుకు చేరేసరికి నెలలు గడుస్తాయి కనుక, చక్రవర్తి తన అధికారాన్ని డ్యూకులకూ నౌకాదళపతులకూ పంచి ఇవ్వక తప్పదు.

ఈ ఊహకు ప్రేరణ టెలిగ్రాఫ్‌కు పూర్వపు తెరచాపల యుగంలో కనిపిస్తుంది. 1814 డిసెంబరు 24న ఘెంట్‌లో బ్రిటన్, అమెరికా ప్రతినిధులు సంధిపత్రం మీద సంతకాలు చేసినా, ఆ వార్త అట్లాంటిక్ దాటకముందే, 1815 జనవరి 8న, న్యూ ఆర్లియన్స్ వద్ద ఘోరయుద్ధం జరిగింది. యుద్ధచరిత్రను బల్ల మీద పునర్నిర్మించడమే వృత్తిగా గలవారికి, వార్తాలస్యం కూడా చరిత్రను నడిపే కారణాల్లో ఒకటని వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ దూరదృష్టి వ్యక్తిగత సాధనాల విషయంలో వారికి తోడు రాలేదు. ఓడలోని కంప్యూటర్ ఆక్రమించే చోటును వారు టన్నుల్లో లెక్కగట్టారు. మనిషి చేతిలో ఉండేది చాలావరకు రేడియో మాత్రమే. సంస్థల కంప్యూటర్లు గదులకు గదులు ఆక్రమించుకుని ఉన్న కాలమది. ఇంటి కంప్యూటర్ అప్పుడప్పుడే అంగడికి వస్తున్నది. యంత్రపు పరిమాణంలో వారు పొరపడ్డారు. వార్తావేగం నుంచి రాజ్యవ్యవస్థను రాబట్టిన తర్కంలో మాత్రం పొరపడలేదు.

తరువాతి దశాబ్దంలో సమస్య స్వరూపం మారింది. 1983లో మోటరోలా సంస్థ సుమారు 4,000 డాలర్ల ధరకు చేతిఫోన్‌ను అమ్మకానికి పెట్టింది; మోడెమ్ ద్వారా ఇంటి కంప్యూటర్లు టెలిఫోన్ తీగల మీద సంభాషించడం మొదలుపెట్టాయి; 1984లో విలియం గిబ్సన్ నవల ‘న్యూరోమాన్సర్’ వెలువడింది. ఈ మూడింటి నీడలో 1988లో మైక్ పాండ్‌స్మిత్ ‘సైబర్‌పంక్’, మరుసటి ఏడాది ఫాసా సంస్థ వారి ‘షాడోరన్’ వచ్చాయి. మొదటిది 2013నూ, రెండవది 2050నూ కథాకాలంగా స్వీకరించినా, రెండింటిలోనూ నెట్‌వర్క్ ప్రధానంగా తీగల్లోనే నివసిస్తుంది. వీధి మలుపుల్లో సమాచార యంత్రాలు ఉంటాయి. వార్తాపత్రిక ఫ్యాక్స్ రూపంలో అచ్చయి చేతికి వస్తుంది. నెట్‌వర్క్‌లోకి చొరబడే నెట్‌రన్నర్ అనే పాత్ర తన నాడీమండలాన్నే యంత్రానికి తగిలించుకోవాలి. మొబైల్ ఫోన్ ఉన్నా అది మాట్లాడే సాధనమే తప్ప చదివే, చూసే, వెతికే సాధనం కాదు. ఈ లోపాలను ఎంచడం నేడు సులభం; కాని ఆ గ్రంథాలు గ్రహించిన సత్యం చిన్నది కాదు. ‘ట్రావెలర్’లో మనుషులను విడదీసింది దూరమైతే, ఇక్కడ విడదీసేది గుర్తింపు. ‘షాడోరన్’లో సిన్ అనే గుర్తింపు సంఖ్య లేనివాడు బ్యాంకుకూ, ఆసుపత్రికీ, న్యాయస్థానానికీ అన్యుడు. నెట్‌వర్క్ ఎవరి సొత్తో పౌరసత్వం వారి దయగా మారుతుందన్న ఆ హెచ్చరిక వృథా కాలేదు.

ఊహకూ వాస్తవానికీ మధ్య గోడ ఎంత పలుచనిదో 1990 మార్చి 1న టెక్సస్‌లోని ఆస్టిన్‌లో బయటపడింది. వేరొక నేరపరిశోధనలో భాగంగా అమెరికా సీక్రెట్ సర్వీస్ అధికారులు స్టీవ్ జాక్సన్ గేమ్స్ కార్యాలయాన్ని సోదా చేసి, అచ్చుకు సిద్ధమవుతున్న ‘గర్ప్స్ సైబర్‌పంక్’ రాతప్రతినీ, సంస్థ నడిపే బులెటిన్ బోర్డు కంప్యూటర్‌నూ, అందులోని చదవని ఉత్తరాలతో సహా పట్టుకుపోయారు. సంస్థ కుప్పకూలే స్థితికి వచ్చింది. ఆ ఏడాదే ఏర్పడిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అండతో దావా నడిచి, 1993లో న్యాయమూర్తి శామ్ స్పార్క్స్ సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చి 50 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం విధించారు. కంప్యూటర్ నేరం కొత్తదై, దానిని తూచే అనుభవం ఎవరికీ లేని కాలమది. అధికారుల తొందరపాటుకు అది వివరణ కాగలదు గాని సమర్థన కాలేదు. ఒక ఆటపుస్తకం నిమిత్తంగా ఎలక్ట్రానిక్ ఉత్తరానికి చట్టరక్షణ ధ్రువపడడం ఈ చరిత్రలో చిరస్మరణీయమైన ఘట్టం.

తీగల నెట్‌వర్క్ తెచ్చిన ఆచరణాత్మక చిక్కు వేరొకటి ఉంది. నెట్‌రన్నర్ పాత్రధారి ప్రత్యేక నియమాలతో ఒంటరిగా యంత్రలోకంలో సంచరిస్తున్నంతసేపు తక్కిన ఆటగాళ్లు ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. ‘షాడోరన్’ నాల్గవ కూర్పు 2005లో ఈ చిక్కును కథతోనే పరిష్కరించింది: 2064లో పాత వ్యవస్థ కూలిపోయి, 2070 నాటికి దాని స్థానంలో తీగల అవసరం లేని కొత్త వ్యవస్థ నెలకొన్నది. ప్రతి మనిషి జేబులో కమ్‌లింక్ ఉంటుంది. కంటి ముందరి దృశ్యం మీదనే సమాచారం తేలుతుంది. హ్యాకర్ సహచరులతో కలిసి నడుస్తూనే తన పని చేస్తాడు. ఐఫోన్ రావడానికి రెండేళ్ల ముందే జరిగిన ఈ మార్పును జోస్యంగా కీర్తించడం అతిశయోక్తి. లోకంలో మొబైల్ ఫోన్ వ్యాప్తి, బల్ల దగ్గర సహచరుల విసుగు అనే రెండు కారణాలు కలిసి దానిని అనివార్యం చేశాయి. ఆయుధాలూ కృత్రిమావయవాలూ నెట్‌వర్క్‌లో ఉంటేనే అదనపు ప్రయోజనం లభిస్తుందని 2013 నాటి ఐదవ కూర్పు నిర్దేశించినప్పుడు, ఆట సౌలభ్యం లోకసహజత్వాన్ని మించిపోయింది. ప్రాణభయం ఉన్నవాడు తన తుపాకిని ఊరందరికీ అందుబాటులో ఉంచుకోడు.

‘షాడోరన్’ నిర్వాహక సంపాదకుడిగా పనిచేసిన రాబ్ బాయిల్, సహకర్తలతో కలిసి 2009లో వెలువరించిన ‘ఎక్లిప్స్ ఫేజ్’లో సాధనం జేబును వదిలి శరీరంలోకే ప్రవేశించింది. తలలోని యంత్రంలో ‘మ్యూజ్’ అనే కృత్రిమ సహచరి యజమానికి ఆజన్మమిత్రంగా ఉంటుంది. సౌరమండలపు బయటి అంచుల్లో డబ్బుకు మారుగా పరపతి చెల్లుతుంది. ఇంత ముందుకు సాగిన ఊహ కూడా కాంతివేగానికి తలవంచింది: భూమి పరిసరాల నుంచి శనిగ్రహానికి మాట చేరడానికి గంటకు పైగా పడుతుంది కనుక, అక్కడి జనపదాలు తమ నిర్ణయాలు తామే తీసుకుంటాయి. 2020లో వచ్చిన ‘సైబర్‌పంక్ రెడ్’ మరొక మార్గం తొక్కింది. ప్రపంచ నెట్‌వర్క్ పూర్వమే ఛిన్నాభిన్నమైందని చెప్పి, హ్యాకర్‌ను తిరిగి లక్ష్యమున్న భవనం లోపలికే నడిపించింది. అందరి చేతుల్లో తెలివైన ఫోన్లను ఉంచుతూనే, దూరాన్ని బుద్ధిపూర్వకంగా పునఃప్రతిష్ఠించింది.

జోస్యాల సాఫల్యంతో ఈ గ్రంథాలను తూచితే అన్నీ ఎక్కడో ఒకచోట తక్కువ తూగుతాయి. వార్త ఎంతసేపటికి, ఎవరి చేతి మీదుగా, ఎవరి అనుమతితో చేరుతుందన్న ప్రశ్నకు నిలకడైన జవాబు చెప్పి, ఆ జవాబు పర్యవసానాలను చివరిదాకా అనుసరించిన గ్రంథం పరికరాల జాబితా పాతబడినా నిలుస్తుంది. ‘ట్రావెలర్’ ఇందుకు నిదర్శనం: 2008 నుంచి మాంగూస్ సంస్థ వెలువరిస్తున్న కొత్త కూర్పుల్లో కంప్యూటర్ల నియమాలను తిరగరాశారు, జంప్‌కు పట్టే వారం మాత్రం 1977 నాటిదే.