ట్రౌటు రాని ఏరు

మా భోగాపురానికి ఉత్తరాన చంపావతి, దక్షిణాన గోస్తని. రెండూ తూర్పుకనుమల్లో పుట్టి, వానను నమ్ముకుని బ్రతికే నదులే. వేసవిలో చంపావతి అంతా ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు త్రాగిన పిల్లల్లో నేనొకణ్ణి. అందుకే కాబోలు, ఫ్లై ఫిషింగు గురించి మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. గాలానికి ఈకలూ దారాలూ చుట్టి, పురుగని భ్రమపడేలా నీటిమీద వాల్చి, ట్రౌటు చేపను పట్టడమట! దానికి వేసవిలోనూ చల్లగా పారే ఏరు కావాలట!

ఆ దొరల వేడుక మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మత్స్యశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే 1863లోనే నీలగిరులకు ట్రౌటును తేబోయాడు, ఫలించలేదు. సూయెజ్ కాలువ తెరుచుకున్నది 1869లో. అంతకు ముందటి సుదీర్ఘ ప్రయాణంలో, ఉష్ణమండలపు ఎండలో, చల్లని నీటి ప్రాణి నిలవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. మరో నలభై ఏళ్ళు దాటాక, 1907లో అవలాంచి దగ్గర గుడ్లు పొదిగించే కేంద్రం వెలిసింది. హెచ్.సి. విల్సన్ కృషితో రెయిన్‌బో ట్రౌటు ఆ కొండవాగుల్లో స్థిరపడింది.

అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఉన్న మా ఊరూ అదే ప్రెసిడెన్సీలోది. మరి ఆ చేప మా ఏళ్ళకెందుకు రాలేదు? ఊటీ ఎత్తు 2,200 మీటర్ల పైమాట, అరకు లోయది 900 మీటర్ల చిల్లర. సంగతంతా నీటి వేడిలో ఉంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాముల పైన ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌటు ఆయాసపడుతుంది, 25 దాటితే బ్రతకడమే కష్టం. మన కొరమీను అలా కాదు. నీటిలో ఊపిరి చాలకపోతే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. చెరువు అడుగంటినా బురదలో ప్రాణం నిలుపుకుంటుంది. మన ఎండకు తగిన చేపను ప్రకృతి ఎప్పుడో ఇచ్చింది.

ఇప్పుడా ఎండ ట్రౌటు పుట్టింటికే వెళ్ళింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నదులు వేడెక్కిన వేసవుల్లో మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయకూడదని ఆంక్ష పెడతారు. గుడ్లగూబ వేళలని దానికి ముద్దుపేరు. పట్టి వదిలేసినా, వేడినీటిలో పెనుగులాడి అలసిన చేప తేరుకోదు మరి.

అది చదివాక నవ్వు ఆగిపోయింది. మా ముక్కాం ఒడ్డు గుర్తొచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, అక్కడ ఇంజను పడవలు ఇసుకమీదే ఉంటాయి. ఆ 61 రోజులూ మత్స్యకారుల ఇళ్ళలో పొయ్యి వెలగడం ఎంత కష్టమో ఊరివాళ్ళకు తెలుసు. ఒకచోట సరదా ఆగుతుంది, ఇంకోచోట కూడు ఆగుతుంది. చేపకోసం మనిషి ఆగడం రెండుచోట్లా ఒకటే అయినా, ఆగినందుకు చెల్లించే వెల మాత్రం ఒకటి కాదు.