రోతెన్‌బుర్గ్ గోడ మీది పేర్లు

జర్మనీలో టౌబర్ నది ఒడ్డున ఉన్న రోతెన్‌బుర్గ్ కోటగోడ మీద నడుస్తూ, ఏడు వందల ఏళ్లనాటి ఊరు చెక్కుచెదరలేదనుకున్నాను. తీరా చూస్తే గోడ పొడుగునా పేర్లు చెక్కిన పలకలు! 1945 మార్చి 31న పడ్డ బాంబులకు ఊళ్లో దాదాపు 40 శాతం కూలిపోయిందట. గోడ తిరిగి కట్టడానికి దేశదేశాల నుంచి చందాలిచ్చిన వారి పేర్లవి. మన గుళ్లలో మెట్టుమెట్టుకూ దాతల పేర్లున్నట్టే.

దిగి యూదుల వీధికి వెళ్లాను. 13వ శతాబ్దంలో యూదుల మహాగురువు మేయిర్ పాఠం చెప్పిన ఊరిది. 1520లో యూదులను వెళ్లగొట్టి, వాళ్ల సమాధిరాళ్లను కట్టడాలకు వాడుకున్నారు. చాలాకాలానికి తిరిగొచ్చిన కొద్దిమందినీ 1938 అక్టోబరులో తరిమేశారు. వీధికి మాత్రం ఆ పేరే ఉంది.

ఆ రాళ్లు కొన్ని ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. హీబ్రూ అక్షరం ఒక్కటీ రాకపోయినా వాటి ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.