చాప కింద తుప్పు

తొలినాళ్ల మోటారు కార్లలో బరువంతా మోసేది ఇనుప చాసిస్. కాళ్ల కింద ఉండేది చాలావరకు చెక్క పలకే. అది పుచ్చిపోతే వడ్రంగి కొత్త పలక కోసి బిగించేవాడు, కారు బలానికి ఢోకా ఉండేది కాదు. ఫ్లోరుకు పట్టే తుప్పు ప్రాణాంతకమైంది చాసిస్ పోయి, బరువు మోసే పని బాడీ మీదే పడ్డాకే. 1922లో లాన్సియా లాంబ్డా, 1934లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ వేసిన ఈ దారినే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ కంపెనీలు చాలావరకు పట్టాయి.

అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్ 1948లో లండన్‌లో బయటికొచ్చింది. దాని ముందు చక్రాల మీద పడే బరువును స్ప్రింగుల్లా మోసే టార్షన్ బార్ల వెనక కొసలు ఫ్లోరు కింది అడ్డదూలానికే బిగించి ఉంటాయి. మిల్లీమీటరుకు అటూ ఇటూ మందమున్న రేకు మీద అంత భారం పడుతుందన్నమాట. మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచి, అద్దం రబ్బరు సందుల్లోంచి కారే వాన పై నుంచి ఆ రేకును తినేసేవి. పైన తివాచీ మాత్రం శుభ్రంగానే కనిపించేది. చాప కింద నీరంటే అచ్చంగా ఇదే. తివాచీ ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో కొడితే మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. మొన పెట్టి నొక్కితే నేల కనిపిస్తుంది.

మొదట్లో చాలామంది చిల్లు మీద ఫైబర్‌గ్లాసో, రివెట్లు కొట్టిన రేకు ముక్కో వేసి, పైన తారు పూసేవారు. ఇది మరమ్మతు కాదు, ముసుగు. తారు వెనక చేరిన తడికి ఆరే దారి కూడా ఉండదు. బ్రిటన్‌లో 1960లో మొదలైన ఎంఓటీ వాహన పరీక్ష మొదట బ్రేకులు, లైట్లు, స్టీరింగుతో సరిపెట్టేది. 1977లో బాడీ పటుత్వం కూడా అందులో చేరింది. సస్పెన్షన్, సీటు బెల్టు బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు మాసిక వేస్తే చుట్టూ ఎడతెగకుండా వెల్డింగ్ ఉండాలన్నది నియమం.

గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకర తిరుగుతుంది. 1950లలో ఉక్కుకు అనువుగా మారిన మిగ్ వెల్డింగ్ తర్వాతి దశాబ్దాల్లో చిన్న గ్యారేజీలకూ చేరి ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. పద్ధతి మాత్రం పాతదే: మెరిసే ఇనుము తగిలేదాకా కోయాలి, కోసేముందు తలుపుల ఖాళీల్లో అడ్డకడ్డీలు వెల్డింగ్ చేయాలి. లేకపోతే బాడీ కుంగి, తర్వాత తలుపులు పడవు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన మన అంబాసిడర్ కూడా చాసిస్ లేని కారే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. తెలుగునాట ఈ రేకు పనిని టింకరింగ్ అంటారు.

2018 మే నుంచి బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. వాటి ఫ్లోరును ఏటా తట్టి చూడాల్సింది ఇక యజమానే.