అరలో 37 ఏళ్లు

1984. టెక్సాస్‌లో రెడ్ బెడ్స్ అనే ఎర్రరాతి ప్రాంతం. స్మిత్సోనియన్ శాస్త్రవేత్త నికోలస్ హాటన్, ఆయన బృందం నేల మీంచి చూపు తిప్పకుండా వెతుకుతున్నారు. ఆ తుప్పురంగు రాళ్లలో సుమారు 27 కోట్ల ఏళ్ల నాటి సరీసృపాలు, ఉభయచరాలు శిలాజాలై ఉన్నాయి. ఆ ఏడాది దొరికినవాటిలో ఒక బుల్లి పుర్రె. పొడవు అంగుళానికి కాస్త ఎక్కువ.

వాళ్లు ఏరి తెచ్చినవాటన్నిటినీ పరిశీలించడానికి ఒక జీవితం చాలదు. పుర్రె 'తొలినాటి ఉభయచరం' అన్న చీటీతో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం అరల్లో చేరింది. 1999లో హాటన్ కన్నుమూశారు.  పుర్రె దశాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది.

2021. హాటన్ సేకరణను ఒక్కొక్కటే చూస్తున్న శాస్త్రవేత్త అర్జన్ మాన్ చెయ్యి ఈ పుర్రె దగ్గర ఆగింది. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కంటిగుంతలు. కళ్ల వెనక భాగం కురచ. మూతి మాత్రం సాగి, వంపు తిరిగి ఉంది. చిన్న పురుగుల్ని చటుక్కున పట్టడానికి అనువైన మూతి! జీవి బహుశా బొద్దుగా, సాలమాండర్‌లా ఉండేది. అంతకు ముందటి నాలుగుకాళ్ల జంతువుల పుర్రెలు ఇలా ఉండవు.

కప్పలకూ సాలమాండర్లకూ మూలమైన తొలి ఉభయచరాల ఎముకలు చిన్నవి, పెళుసువి. అవి శిలాజాలుగా మిగలడమే అరుదు. కప్ప వంశవృక్షంలో ఇన్ని ఖాళీలున్నది అందుకే. వాటిలో ఒకటి పూరించిన శిలాజాన్ని ఏరిందీ స్మిత్సోనియన్ బృందమే. 1995లో టెక్సాస్‌లోనే దొరికిన మరో జీవికి 2008లో 'గెరోబాట్రాకస్ హాటోనై' అని హాటన్ పేరే పెట్టారు. దాని తల కప్పలా వెడల్పు. చీలమండలో మాత్రం సాలమాండర్‌లోలా ఎముకలు అతుక్కుని ఉన్నాయి. ఒకే ఒంట్లో రెండు వంశాల గుర్తులు!

జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి కాల్విన్ సో, శాస్త్రవేత్తలు జేసన్ పార్డో, మాన్ కలిసి 2024 మార్చిలో ఆ బుల్లి పుర్రెను లోకానికి పరిచయం చేశారు. పేరు 'కెర్మిటాప్స్ గ్రేటస్'. మొదటి మాట టీవీ బొమ్మ కప్ప కెర్మిట్‌ది. రెండోది హాటన్‌కూ, ఆయన వెంట ఎండలో తిరిగినవారికీ చెప్పిన కృతజ్ఞత. శిలాజాన్ని ఏరినవారికీ పేరులో చోటివ్వడం నాకెంతో నచ్చింది.

పుర్రె సూచిస్తున్న విషయం ఇంకొకటుంది. పాత ఉభయచరం మెట్టుమెట్టుగా, ఒకే దారిలో కప్పగానో సాలమాండర్‌గానో మారిపోలేదు. ఆ కాలంలోనే పక్కపక్కన రకరకాల పుర్రె ఆకారాలు ఉండేవి. వాటిలో ఏది ఎవరికి ఎంత దగ్గరి చుట్టమో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.