కెరటోకోనస్ కాంటాక్ట్ లెన్సులు

కెరటోకోనస్ అనేది కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర, అనగా శుక్లపటలం, క్రమంగా పలచబడి శంకువు ఆకారంలో ముందుకు పొడుచుకువచ్చే వ్యాధి. ఈ పొరను వాడుకలో కార్నియా అంటారు. వ్యాధిగ్రస్తుల చూపును మెరుగుపరచడానికి ఒక్కొక్క కంటి కొలతలను బట్టి అమర్చే కటకాలే కెరటోకోనస్ కాంటాక్ట్ లెన్సులు. ఈ పేరు గ్రీకు భాషలో కొమ్ము, శంకువు అనే అర్థాలు గల పదాల నుండి వచ్చింది. వ్యాధి సాధారణంగా చదువుకొనే వయసులోనే మొదలవుతుంది.

పనిచేసే విధానం

వ్యాధి తొలిదశలో కళ్ళద్దాలు సరిపోతాయి. శంకువు పెరిగేకొద్దీ కాంతికిరణాలు ఒకచోట కేంద్రీకృతం కావు. అక్షరాల పక్కన నీడలు, రాత్రివేళ దీపాల చుట్టూ చారలు కనబడతాయి. ఎగుడుదిగుడుగా మారిన ఉపరితలాన్ని కళ్ళద్దాలు సరిచేయలేవు. మామూలు మెత్తని లెన్సు కూడా శంకువుపై పరచుకొని దాని ఆకారాన్నే పొందుతుంది కనుక అంతగా ఉపకరించదు.

గట్టి లెన్సు తన ఆకారాన్ని కోల్పోదు. దానికీ శుక్లపటలానికీ మధ్యనున్న ఖాళీని కన్నీరు నింపుతుంది. కన్నీటి వక్రీభవన గుణకం సుమారు 1.336, శుక్లపటలానిది సుమారు 1.376. ఇవి దగ్గరగా ఉండడం వలన ముందువైపు వంకరల ప్రభావం చాలావరకు తొలగి, లెన్సు యొక్క నున్నని ఉపరితలమే కంటి ఉపరితలంగా పనిచేస్తుంది. వెనుకవైపు వంకరలు మాత్రం మిగిలిపోతాయి. అందువలన అందరికీ సంపూర్ణమైన చూపు రాకపోవచ్చు.

చరిత్ర

ఈ వ్యాధిని 1854లో ఇంగ్లండుకు చెందిన జాన్ నాటింగ్‌హామ్ వివరంగా వర్ణించాడు. 1888లో జూరిచ్‌లో అడాల్ఫ్ ఫిక్, పారిస్‌లో యూజీన్ కాల్ట్ గాజు లెన్సులను ప్రయోగించారు. శుక్లపటలంలో రక్తనాళాలు ఉండవు. అది ఆక్సిజన్‌ను ప్రధానంగా గాలినుండే గ్రహిస్తుంది. గాజు దీనికి అడ్డుపడడం వలన ఆ లెన్సులను కొద్ది గంటలకు మించి ధరించలేకపోయేవారు. 1948లో కెవిన్ టుయోహీ చిన్న ప్లాస్టిక్ లెన్సులను, 1970ల చివరలో పరిశ్రమ ఆక్సిజన్‌ను పోనిచ్చే గట్టి లెన్సులను తెచ్చాయి.

రకాలు

ఆక్సిజన్‌ను పోనిచ్చే చిన్న గట్టి లెన్సులు విరివిగా వాడబడుతున్నాయి. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ రోజ్ రూపొందించిన రోజ్-కె వీటిలో ప్రసిద్ధి చెందినది. ఒరిపిడి భరించలేనివారికి కింద మెత్తని లెన్సు, దానిపై గట్టి లెన్సు అమర్చడం కద్దు. మధ్యభాగం గట్టిగా, అంచు మెత్తగా ఉండే మిశ్రమ లెన్సులు కూడా ఉన్నాయి.

శంకువు బాగా ముదిరినవారికి స్క్లెరల్ లెన్సులు ఉపయోగపడతాయి. ఇవి శుక్లపటలాన్ని తాకకుండా దానిపై గొడుగువలె నిలిచి, తెల్లగుడ్డుపై ఆనుకొంటాయి. లెన్సును చిన్న గిన్నెవలె పట్టుకొని, నిల్వ రసాయనాలు లేని సెలైన్‌తో నింపి, తల వంచి, గాలిబుడగ చేరకుండా పెట్టుకోవాలి. అలవాటయ్యేవరకు ఇది కొంత చికాకైన పనే. కొందరికి మధ్యాహ్నానికి ఆ ద్రవం మసకబారుతుంది, అప్పుడు తీసి మళ్ళీ నింపుకోవాలి. బోస్టన్‌లో పెర్రీ రోసెంతాల్ కృషితో రూపొందిన ఈ కోవకు చెందిన ప్రోస్ పరికరాన్ని హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కూడా అమర్చుతారు. సాధారణ లెన్సులకంటే వీటి ధర చాలా ఎక్కువ.

లెన్సు, చికిత్స

లెన్సుతో 6/6 చూపు వచ్చినంత మాత్రాన వ్యాధి ఆగినట్లు కాదు. ఇది చాలామంది పొరబడే విషయం. లెన్సు వెనుక శంకువు పెరుగుతూనే ఉండవచ్చు. వ్యాధి పెరుగుదలను ఆపడానికి కొలాజెన్ క్రాస్‌లింకింగ్ అనే వేరే చికిత్స ఉంది. ఇందులో రైబోఫ్లావిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేస్తారు. దీని ఫలితాలను జర్మనీ వైద్యులు 2003లో ప్రచురించారు. ఈ చికిత్స తరువాత కూడా స్పష్టమైన చూపు కోసం లెన్సు అవసరం కావచ్చు. శుక్లపటలంపై మచ్చ ఏర్పడినా, ఏ లెన్సూ నిలువకపోయినా శుక్లపటల మార్పిడి చేస్తారు.

జాగ్రత్తలు

కళ్ళు నులమడం ఈ వ్యాధి ముదరడానికి దోహదం చేస్తుంది. దురద ఉంటే దానికి మందు వాడాలి. లెన్సును కుళాయి నీటితోగాని, ఉమ్మితోగాని తడపరాదు. నీటిలోని అకాంతమీబా అనే ఏకకణ జీవి శుక్లపటలాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదు. వైద్యుడు చెప్పనిదే లెన్సుతో నిద్రించరాదు. కాటుక పెట్టుకొనేవారు ముందు లెన్సు ధరించాలి. కన్ను ఎర్రబడి, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే లెన్సు తీసివేసి, దానిని పారవేయకుండా డబ్బాతో సహా వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. సూక్ష్మజీవిని గుర్తించడానికి అది పనికివస్తుంది.