వాడవాడకూ మారే ర్యాంకు: గళ్ళ కొలత పుట్టుపూర్వోత్తరాలు

ఒక దుకాణం గూగుల్‌లో ఎన్నో స్థానంలో వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు ఒక్క అంకెతో జవాబు చెప్పడం సాధ్యం కాదు. వెతికే మనిషి జనగామ రైల్వేస్టేషను దగ్గర ఉంటే ఒక స్థానం, హైదరాబాదు రోడ్డు మీదికి జరిగితే మరో స్థానం, పక్క ఊరికి పోతే అసలు ఆ దుకాణం కనిపించకపోవడం మామూలైపోయింది. పట్టణం మీద గళ్ళ పటం పరిచి, గడి గడికీ మారే ఈ స్థానాన్ని నమోదు చేసే పద్ధతిని ఆ రంగంలోని వారు గ్రిడ్ ట్రాకింగ్ అంటారు. ఇది విరివిగా వాడుకలోకి వచ్చి పట్టుమని పదేళ్ళు కాలేదు గాని, దుకాణాల వరుసలో ముందుండాలన్న తాపత్రయం టెలిఫోను డైరెక్టరీ నాటిది.

1878లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో వెలువడిన మొదటి డైరెక్టరీ ఒకే ఒక్క అట్టముక్క. అందులో యాభై మంది చందాదారుల పేర్లే తప్ప ఫోను నంబర్లు కూడా లేవు. తర్వాత వ్యాపారాలను వర్గాలుగా విడదీసి అక్షరక్రమంలో అచ్చువేసే పసుపు పుటలు వచ్చాక, ఇంగ్లీషు మొదటి అక్షరాన్నే వరుసగా మూడుసార్లు పేరుకు ముందు తగిలించుకున్న వ్యాపారులు అమెరికాలో కోకొల్లలు; ర్యాంకు కోసం పన్నిన తొలి పన్నాగాల్లో దీన్ని లెక్కవేయవచ్చు. మన దేశంలో 1996లో మొదలైన జస్ట్ డయల్ ఈ జాబితాకు గొంతునిచ్చింది: ఫోను చేసినవారు ఏ పేటలో ఏ సేవ కావాలో చెప్తే, అవతలివారు ఆ చుట్టుపక్కల దుకాణాల పేర్లు చదివేవారు, డబ్బు కట్టిన వ్యాపారుల పేర్లు ముందుగా వచ్చేవి. అక్కడ వరుస ఎలా ఏర్పడిందో కనీసం వ్యాపారికి తెలిసేది.

2004లో స్థానిక శోధనను, 2005 ఫిబ్రవరిలో మ్యాప్స్‌ను గూగుల్ ప్రవేశపెట్టడంతో ఆ తెలిసే వీలు పోయింది. వెతికిన మాటకు దుకాణం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది అనే మూడింటిని చూస్తామని సంస్థ చెబుతుంది గాని, దేనికెంత తూకమో చెప్పదు. తొలి రోజుల్లో దూరాన్ని పట్టణ కేంద్రబిందువు నుంచి కొలుస్తున్నారని ఆ రంగంలోని వారు గట్టిగా నమ్మేవారు. ఆ లెక్కన ర్యాంకు ఊరికొకటి చాలు. అయితే దూరం కొలవాలంటే ముందు పటంలో ఊరు ఉండాలి. భారతదేశం వంటి చోట్ల ఆ కొరతను తీర్చడానికే 2008లో మ్యాప్ మేకర్ అనే పనిముట్టు వచ్చింది. లలితేష్ కట్రగడ్డ సహ రూపకర్తగా ఉన్న ఈ పనిముట్టుతో, మామూలు జనమే తమ వీధులనూ దుకాణాలనూ పటంలోకి ఎక్కించగలిగారు. 2017లో అది మూతపడింది.

అసలు మలుపు 2014 జులైలో వచ్చింది. స్థానిక శోధన లెక్కల్లో అప్పుడు చేసిన మార్పుకు గూగుల్ పేరేమీ పెట్టలేదు. ఇంటికి తిరిగొచ్చే పక్షి కనుక పావురం అన్న పేరును బయటివారే తగిలించారు. దానితో దూరం, చోటు లెక్కలు మరింత పదునెక్కాయి. 2015 ఆగస్టులో పటం కింద చూపే దుకాణాల సంఖ్య ఏడు నుంచి మూడుకు తగ్గి, నాలుగో స్థానానికి విలువ దాదాపు లేకుండా పోయింది. 2016 సెప్టెంబరులో వచ్చిన పోసమ్ అనే మార్పు వెతికేవాడు నిలబడిన చోటుకు మరింత ప్రాధాన్యమిచ్చి, ఊరి పొలిమేర అవతల ఉన్నందుకు వెనుకబడిన దుకాణాలను ముందుకు తెచ్చింది. ఆ మరుసటి నెల, అక్టోబరు 11న, తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. గూగుల్ శోధన యంత్రం పొలిమేరలను పట్టించుకోవడం తగ్గిస్తున్న సమయానికే ఇక్కడ పొలిమేరలు మారాయన్నమాట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల దుకాణాల చిరునామాలో వరంగల్ జిల్లా పోయి కొత్త జిల్లా పేరు రావలసి వచ్చింది. పాత చిరునామా ఒకచోట, కొత్తది మరోచోట ఉంటే రెండూ ఒకే దుకాణానివని గుర్తించడం యంత్రానికి కష్టం కనుక, ఇది పైకి కనిపించినంత చిన్న విషయం కాదు.

ఊరికొక ర్యాంకు అన్న పాత లెక్క చెల్లని ఆ పరిస్థితిలో, 2018 ప్రాంతం నుంచి లోకల్ ఫాల్కన్ వంటి పనిముట్లు గళ్ళ పటాన్ని వాడుకలోకి తెచ్చాయి. దుకాణం మధ్యలో ఉండేలా ఏడు అడ్డ వరుసలు, ఏడు నిలువు వరుసలు వేస్తే 49 బిందువులు వస్తాయి. ప్రతి బిందువు అక్షాంశ రేఖాంశాలనూ యంత్రానికి ఇచ్చి, అక్కడెవరో నిలబడి అడుగుతున్నట్టుగా ఒకే ప్రశ్న వేసి, వచ్చిన స్థానాన్ని ఆ బిందువు మీదే అంకెగా రాస్తారు. మొదటి మూడు స్థానాలకు సాధారణంగా పచ్చరంగు, వెనుకబడితే ఎరుపు. 2021 చివర్లో దగ్గరి దుకాణాల వైపు తూకం ఇంకా పెరగడంతో, పచ్చని మేర చాలా పటాల్లో కుంచించుకుపోయింది.

ఈ పద్ధతి కిక్కిరిసిన నగరాల కోసం పుట్టినది, అందుకే మహబూబాబాద్ జిల్లా గంగారం వంటి చోట తడబడుతుంది. కొత్తగూడ మండలం నుంచి 2016లో విడివడిన ఈ మండలం కోయలు ఎక్కువగా ఉండే ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడ కిలోమీటరు దూరంతో గళ్ళు వేస్తే చాలా బిందువులు అడవిలో పడతాయి; అక్కడ వెతికేవారెవరూ లేకపోయినా పనిముట్టు ప్రశ్న వేస్తుంది, యంత్రం జవాబిస్తుంది, ఆ అంకె అన్ని బిందువుల సగటులో కలుస్తుంది. దగ్గర్లో పోటీ లేనందువల్ల వచ్చిన మొదటి స్థానానికీ, పోటీలో గెలిచిన మొదటి స్థానానికీ రంగు ఒకటే. పైగా గంగారం పేరుతో ఇతర జిల్లాల్లోనూ ఊళ్ళున్నాయి. ఊరి పేరు రాసి వెతికినప్పుడు యంత్రం ముందు ఏ గంగారమో తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడం తప్పితే దూరం లెక్క మొత్తం తప్పుతుంది. ఇక అదే ప్రశ్నను తెలుగు లిపిలో వేస్తే వచ్చే వరుస, ఇంగ్లీషులో వేస్తే వచ్చే వరుస ఒకటి కాకపోవచ్చు; ఒక్క భాషలోనే కొలిచిన గళ్ళ పటం సగం కొనుగోలుదారులను వదిలేసినట్టే.

అక్కర్లేని బిందువులను తీసివేసే వీలు కొన్ని పనిముట్లలో ఉంది. అలా తీసివేయగా గంగారంలో మిగిలేవి మండల కేంద్రం, కొత్తగూడ వైపు రోడ్డు, మరికొన్ని గూడేలు. వాటికి 49 ప్రశ్నల వల అవసరం లేదు, ఫోను పట్టుకుని ఆ చోట్లకు వెళ్ళి వెతికినా లెక్క తేలుతుంది, కాకపోతే ఆ ఫోను దుకాణదారుడిది కాకూడదు, ఎందుకంటే తరచూ తన దుకాణాన్నే చూసుకునేవాడికి యంత్రం అదే దుకాణాన్ని ముందుంచే అవకాశముంది.