కబురు ఊరి దాకా రావాలి: మార్లవాయి బడి నుంచి తునికాకు కల్లం దాకా

పోస్టు పెద్దగుంది, తీరిక చూసుకొని చదవండి.

పోయిన ఎండాకాలం మేము హాస్టల్ పిల్లలం కొంతమంది కలిసి, పదో తరగతి పాసైన పిల్లల తల్లిదండ్రులకు కాలేజీల గురించి చెప్పే మీటింగు పెట్టినం. మండల కేంద్రంలో, పొద్దున 10 గంటలకు, బ్యానర్ కట్టి, కుర్చీలు వేసి. వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో నలుగురు మా ఇంటివాళ్ళే. ఆ రాత్రి హాస్టల్‌కు వచ్చి, "మనోళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు" అని మేమే అనుకున్నం. ఆ మాట తప్పని తర్వాత తెలిసింది. అది తెలియడానికి మన చరిత్ర కొంచెం చదవాల్సి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నం.

1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి ఊళ్ళోనే ఉండి గోండి నేర్చుకున్నారు. అప్పట్లో రాజ్యం నడిచింది ఉర్దూలో. భూమి కాగితంలో ఏముందో మన తాతలకు తెలియదు. సాహుకారు ఏం రాసుకున్నాడో తెలియదు. వేలిముద్ర వేసినాక పొలం పోయిందని తెలిసేది.

1943లో మార్లవాయిలో పంతుళ్ళకు శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి పంతుళ్ళను తెచ్చి ఊళ్ళ మీద పెట్టలేదు. గోండు యువకులకే ముందు చదువు నేర్పి, వాళ్ళనే పంతుళ్ళుగా తయారుచేసి ఊళ్ళకు పంపారు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో అచ్చువేయించారు. అక్కడ చదివినవాళ్ళలో కొందరు పట్వారీలు, గుమాస్తాలు కూడా అయ్యారు. దీని వెనుక సర్కారు భయం ఉంది, మళ్ళీ తిరుగుబాటు వస్తుందేమోనని. భీం ప్రాణం ఇచ్చినాకే బడి వచ్చిందన్న సంగతి మనం మర్చిపోవద్దు. కానీ పని జరిగిన తీరు మాత్రం గట్టిది. చెప్పేటోడు మనోడు, భాష మనది, చోటు మన ఊరు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో జరిగే దర్బారు కూడా ఆ 1940లలో మొదలైందే. మెస్రం వంశం వాళ్ళు పుష్య అమావాస్యకు పూజ చేస్తారు, చుట్టుపక్కల జనమంతా అక్కడికే వస్తారు. ఒక్కొక్క మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు, జనం ఎక్కడ కూడితే ఆఫీసర్లే అక్కడికి వచ్చి కూర్చోవాలి, మొర వినాలి. దర్బారు అసలు ఉద్దేశం అది.

తర్వాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఎస్సీ పిల్లలకు 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 1948-49లో ఎస్టీలకు కూడా ఇచ్చారు. 1951లో రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి 15(4) తెచ్చారు, కాలేజీ సీట్లలో రిజర్వేషన్‌కు బలం దాని నుంచే వచ్చింది. అంటే మెట్రిక్ పాసైన ఆదివాసి పిల్లవాడికి డబ్బు, సీటు కాగితం మీద ఎప్పుడో సిద్ధం. కానీ 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో ఎస్టీల అక్షరాస్యత 8.53 శాతం. మెట్రిక్ దాకా వచ్చిందెవరు? వచ్చినోడి ఇంటికి స్కాలర్‌షిప్ ఉందని చెప్పిందెవరు?

2011 నాటికి ఆ లెక్క 58.96 శాతానికి వచ్చింది. మధ్యలో ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, ఉట్నూరులో ఐటీడీఏ వచ్చింది, గురుకులాలు వచ్చాయి. మేము చదివింది వాటిలోనే. అన్నం, బట్టలు, పుస్తకాలు అన్నీ అక్కడే. మా నాయినలకు పదో తరగతి దాకా ఒక్క ఫారం కూడా నింపే పని పడలేదు. చిక్కు వచ్చిందే అక్కడ. పది దాకా బడి పిల్లల్ని వెతుక్కుంటూ వస్తది. పది దాటితే పిల్లలే కాలేజీని వెతుక్కోవాలె. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆప్షన్లు, రిపోర్టింగ్ తేదీ. ఇందులో ఏ ఒక్కటి తప్పినా సీటు పోతది. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లోనే. బాసర ట్రిపుల్ ఐటీలో పది మార్కుల మీదే సీటు ఇస్తారని మన ఊళ్ళల్ల ఇప్పటికీ చాలామందికి తెలియదు.

ఇంకో సంగతి. మా తాతల తరానికి మీటింగు అన్న మాటే మంచిగా వినపడదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మీటింగుకు పోయిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు చెప్పిన లెక్క 13 మంది, జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. అటువంటి జ్ఞాపకం ఉన్న ఇంటికి పోయి, "ఫలానా రోజు ఆధార్, ఫొటోలు పట్టుకొని మీటింగుకు రండి" అని పిలిచినం మేము. తప్పు ఎవరిది?

మా మీటింగు ఫెయిలైన వారానికి ఒక ఊరి పటేల్ మాతో అన్నడు: "మే నెలల పగలు ఎవరుంటరు బిడ్డా? పొద్దున లేస్తే అడవికి, తునికాకుకు. పొద్దుగూకినాక కల్లం కాడికి రాండ్రి." పోయినం. ఆకు కట్టలు లెక్కపెట్టి ఇచ్చినాక జనం అక్కడే కూర్చున్నరు. మైకు లేదు. మాలో ఒకరు గోండిలో, ఒకరు కొలామిలో చెప్పినం. మేము కోర్సులు, ర్యాంకుల మీద తయారై పోయినం. అవ్వలు అడిగింది వేరే. బిడ్డకు జ్వరం వస్తే ఎవరు చూస్తరు? బస్సు ఎక్కడ మారాలె? స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఖర్చు ఎట్ల? దండారికి ఇంటికి పంపుతరా? ఒక్కదానికి కూడా మా పేపర్లో జవాబు లేదు. మేము హాస్టల్‌లో బతికినోళ్ళం కాబట్టి నోటితోనే చెప్పినం. స్కాలర్‌షిప్ ఆలస్యమైతదని, మొదటి నెలకు కొంత డబ్బు చేతిలో ఉండాలని కూడా దాచకుండా చెప్పినం. మధ్యలో చదువు ఆపేసిన మా అన్న ఒకాయన, తాను ఎందుకు ఆపిండో చెప్పిండు. అందరికంటే ఎక్కువసేపు విన్నది ఆయన మాటనే.

ఆ రాత్రి చివర్ల ఒక చెల్లె లేచింది. అంతకు ముందు ఏడు పది పాసైంది, మాకంటే మంచి మార్కులు. సీటు కూడా వచ్చిందట. ఫలానా తేదీలోగా కాలేజీకి పోయి రిపోర్ట్ చెయ్యాలని ఇంట్ల ఎవరికీ తెలియదు. అప్పటినుంచి పత్తి ఏరుతున్నది. "ఇది నిరుడు చెప్తే అయిపోవు కదా అన్నా" అన్నది. మా దగ్గర జవాబు లేదు. నిరుడు మేము ఇక్కడే, పది కిలోమీటర్ల దూరంలో సెలవుల్లో ఉన్నం.

అందుకని ఈసారి ముందే మొదలుపెడుతున్నం. మెస్రం పెద్దలను అడిగి, నాగోబా జాతరలో ఒక చోట కూర్చుంటం. పది పరీక్షలకు ముందే వస్తది కాబట్టి సర్టిఫికెట్లకు టైం దొరుకుతది. పరీక్షలు అయినాక ఇల్లిల్లు తిరిగి ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో చూస్తం. రిజల్ట్ వచ్చినాక రాత్రిపూట కల్లం కాడ కూర్చుంటం. సీటు వచ్చినోళ్ళతో రిపోర్టింగ్ రోజు మాలో ఒకరు కాలేజీ దాకా పోతం. ఇంట్ల మొదటిసారి కాలేజీకి పోయేటోళ్ళకు ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ఆ చెల్లె సర్టిఫికెట్ల పని ఇప్పటికే మొదలైంది.

మార్లవాయిలో చదువు నేర్చుకున్న ఆ మొదటి పంతుళ్ళు కూడా దాదాపు మన వయసోళ్ళే అయి ఉంటరు. నేర్చుకొని పట్నం పోలేదు, తిరిగి ఊళ్ళకు పోయిన్రు. మీ ఊరి కల్లం ఎక్కడుందో, ఈసారి పది రాసే పిల్లలు ఎంతమందో కామెంట్‌లో రాయండి. గోండి, కొలామి బాగా మాట్లాడేవాళ్ళు, ముఖ్యంగా అక్కలు, మాతో రాండ్రి.

జై సేవా.